మొదటి పేరాలో బాలుడు

నా మూడో రీసెర్చ్ ప్రపోజల్ కూడా తిరిగొచ్చింది. నేను పదహారు పేజీలు రాస్తే నిధులిచ్చేవాళ్లు రాసింది ఒక్క వాక్యం: "ప్రాముఖ్యత స్పష్టంగా లేదు." ఒళ్లు మండిపోయింది. పాము కరిచి మనుషులు చచ్చిపోతున్నారు మహాప్రభో అంటే, ప్రాముఖ్యత కనబడలేదట. ఇంకెలా చెప్పాలో వాళ్లే చెబితే బాగుండేది.

నా పేరు సోని. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. కాలేజీ వాళ్లు భద్రాచలంలో ఒక ఫీల్డ్ సెంటర్ తెరిచి నన్ను అక్కడ వేశారు. సెంటర్ అంటే రెండు గదులు, ఒక బీరువా, నేను. వచ్చే మార్చిలోగా ఏదో ఒక ప్రాజెక్టు రాకపోతే అదీ మూసేస్తారు. నేను అడగదలుచుకున్నది చిన్న ప్రశ్న. అడవి ఊళ్ల పక్కనున్న ఆరోగ్య సబ్‌సెంటర్లలోనే పాముకాటు విరుగుడు ఇవ్వగలమా? ఇవ్వగలిగితే పెద్ద దవాఖానాకు చేరేలోగా పోయే ప్రాణాలు కొన్నయినా నిలుస్తాయి. ఆ మాట డబ్బిచ్చేవాళ్లకు నచ్చేలా రాయడం ఎంబీబీఎస్‌లో చెప్పలేదు, పీజీలో చెప్పలేదు.

నేర్చుకుందామంటే పక్కన మనిషి లేడు. తోటి డాక్టర్లంతా సాయంత్రమైతే క్లినిక్కులకు, శనివారమైతే ఖమ్మానికి. తండా నుంచి యాడి, అంటే మా అమ్మ, ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న: డాక్టరు చదివి రోగుల్ని చూడకుండా ఆ గదిలో కూచుని ఏం రాస్తున్నావే అని. చెబితే వింటుంది, పాపం. విని, "తిన్నవా?" అంటుంది. కిరాయి గదిలో నేను పైకి చదువుకుంటుంటే నా ప్రపోజల్ విన్నది గోడ మీది బల్లి ఒక్కటే. అది కూడా అధ్యయన పద్ధతుల దగ్గరికొచ్చేసరికి ట్యూబ్‌లైట్ వెనక్కి పోయేది. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఆ ఎండాకాలంలో బాగా తెలిసింది.

నాలుగోసారి రాసి, పీజీలో నా గైడు వెంకటనారాయణ సారుకు పంపాను. ఆయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు.

"సోనీ, లెక్కలన్నీ ఉన్నాయమ్మా. మనిషే లేడు. చదివేవాడు ఏసీ గదిలో కూచుని యాభై ప్రపోజల్స్ చదువుతాడు. మొదటి పేరాలో ఒక మనిషిని చూపించు."

మనిషి ఉన్నాడు. పోయిన వానాకాలం పాముకాటు మరణాల సర్వేకు ములకలపల్లి అవతలి ఊళ్లు తిరిగినప్పుడు జంపక్క అనే తల్లి చెప్పింది. ఆమె కొడుకు గోపాలు ఒక రాత్రి నేల మీద పడుకున్నాడు. తెల్లారి కడుపునొప్పి అన్నాడు. ఒంటి మీద గాటు లేదు కాబట్టి వాము నీళ్లు తాగించారు. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి. అది గాటు కనబడకుండా కరిచే కట్లపాము పని అని ఎవరికీ తోచలేదు. వాగు పొంగి ఉంది. భుజాల మీద దాటించి ఆటో ఎక్కించేసరికి ఊపిరి ఆగిపోయింది.

అదంతా ఒక పేరాలో రాశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నేను అంత బాగా ఎప్పుడూ రాయలేదు. సారు చదివి ఫోన్ చేశారు.

"ఇది నిలబడుతుందమ్మా. పేరు మాత్రం తీసెయ్. పేరు కనబడితే నిబంధన తప్పావని చదవకుండానే పక్కన పెడతారు."

గోపాలు అన్నచోటల్లా 'ఒక బాలుడు' అని పెట్టాను. పంపడానికి ఇంకొక్క రోజే గడువుంది. అయినా ఆ తల్లికి చెప్పకుండా పంపడానికి మనసొప్పలేదు. ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద వంతెన దాటి, బూర్గంపాడు మీదుగా వెళ్లాను.

జంపక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. ఆమె భర్త హేమ్లా గోడకు ఆనుకుని తాడు పేనుతున్నాడు. నేను కాగితాలు తీసి, ఇంగ్లీషును నోటితోనే తెలుగు చేసుకుంటూ చదివాను. ఆమె పువ్వు పరచడం ఆపి విన్నది.

"మంచిగనే రాసినవ్. పేరేది?"

"పేరు రాయొద్దు జంపక్కా. అది రూలు. మీరెవరో బయట తెల్వొద్దని, మీ మంచికే."

"తెలిస్తె నాకేమైతది? వాడు పోయినకాడికెల్లి ఈడ ఎవ్వరూ వాని పేరు తీస్తలేరు, నేను ఏడుస్తనని. గాయన సుత తీయడు." హేమ్లా తల ఎత్తలేదు. "బళ్లె పేరు కొట్టేసిన్రు. రేషన్ కార్డుల తీసేసిన్రు. ఇప్పుడు నువ్వొచ్చి వాని ముచ్చటంత రాసుకొని, పేరు తీసేసినవ్."

నేను కాగితాలు మడిచాను.

"పేరు పెట్టుడైతే రాసుకో. లేకుంటె నా కొడుకును రాయకు డాక్టరమ్మా."

తిరిగి వస్తుంటే గోదావరి మీద గాలి కొట్టింది కానీ నా తల చల్లబడలేదు. ఆమెకు ఎలాగూ తెలియదు కదా అన్న ఆలోచన నాకూ వచ్చింది. వంతెన పొడుగునా అదే ఆలోచన. మర్నాడు మధ్యాహ్నం సారుతో చెబితే ఆయనా అదే అన్నారు.

"ఆమె ఇంగ్లీషు చదువుతుందా? ఆ ఊళ్ల కోసమే కదమ్మా నువ్వు చేసేది. ఆ పేరా తీసేస్తే నీ ప్రపోజల్‌లో ప్రాణం లేదు."

"ఆమె వద్దన్నది సార్," అని ఫోన్ పెట్టేశాను. సారు కంటే ముందు నేను ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి. ఆ పేరా మొత్తం తీసేసి పంపాను. పంపాక బల్లికి కూడా చదివి వినిపించాలనిపించలేదు. అన్నం వండుకోకుండా పడుకుని ఏడ్చాను.

వానలు పడ్డాక ఫలితం వచ్చింది. మళ్లీ అదే వాక్యం, అక్షరం తేడా లేకుండా. మార్చిలోగా ఇక ఒక్క అవకాశమే మిగిలింది. ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. సారుతో చెబితే ముందే చెప్పానంటారు. యాడితో చెబితే తిన్నావా అంటుంది. ఆదివారం స్కూటీ తీస్తే అది జంపక్క ఇంటి ముందే ఆగింది.

ఆమె అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. హేమ్లా పెరటి దడి కడుతున్నాడు.

"గా కాయితం ఏమైంది?"

"తిప్పి పంపిన్రు."

"నా కొడుకు లేకనేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. "అవ్ జంపక్కా."

చేట ఆగింది. "నాకు తెల్వకుంట రాయొచ్చు గద, ఎందుకు రాయలె?"

"నువ్వు వద్దన్నవ్ గద."

ఆమె చేట పక్కన పెట్టి నన్ను కూర్చోమంది. "మల్ల రాస్తవా?" అంది.

"ఇంకొక్కసారి రాస్త."

"వాడ్ని పెట్టి రాయి. కాయితం మీద పేరు లేకున్నా సరే. పంపేముందు మాత్రం ఈడికొచ్చి చదువు. చదివేటప్పుడు పేరు పెట్టి చదువు."

పాత కాగితం నా సంచిలోనే ఉంది. ఇప్పుడే చదవనా అన్నాను. ఆమె తల ఊపింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. 'ఒక బాలుడు, పదకొండేళ్లు' అని రాసి ఉన్నచోట, "గోపాలు, పదకొండేళ్లు" అని చదివాను.

దడి దగ్గర చప్పుడు ఆగింది. హేమ్లా మావైపు తిరగలేదు.

"గోపాలుకు అప్పటికే పన్నెండు వడ్డయి," అన్నాడు.

జంపక్క అతని వైపే చూస్తూ ఉండిపోయింది. నేను పెన్ను తీసి పదకొండును పన్నెండు చేసి, మళ్లీ మొదటి నుంచి చదివాను.