ఆరు కెమెరాలకు ఆయుధపూజ

వడమాలపేట దాటాక వచ్చే కొండ మీద కంకర క్వారీకి అనుమతి అడిగారు. ఆ అడవిలో పులి ఉందని రుజువైతే అనుమతి రాదు; కాకపోతే రెండేళ్లలో కొండే ఉండదు. విచారణ దసరా వెళ్లిన సోమవారం.

జంతుశాస్త్రం బోధించి రిటైరైన నన్ను అటవీశాఖ వాళ్లు నివేదిక రాయమన్నారు. ఆ అడవి కాపలాదారు మునిశేఖర్ పులిని చూశానన్నాడు.

"నా రెండు కండ్లతో సూసినా సార్. అమ్మతోడు."

"ఒట్లు సాక్ష్యం కావప్పా. ఫోటో కావాలి."

ఎదుట ఏది కదిలినా తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను ఆరు చెట్లకు కట్టించాను. పండగ మరునాడు తెరిచి చూస్తే దుప్పులు, ఒక ఎలుగుబంటి, తర్వాత మునిశేఖర్ ముఖం, అతని ఉంగరపు వేలు. ఆపైన అంతా ఎరుపు. ఆరింటిలోనూ అదే వరస.

"ఏమిటిది?"

"ఆయుధపూజ గదా సార్. జీపుకు, మచ్చుకత్తికి పెట్టి, రేయింబగళ్లు పనిచేసే వీటికి పెట్టకుంటే పాపం గాదా?"

"అద్దం మీదా?"

"బొట్టు మొగానికి గాక వీపుకు పెడతారా సార్?"

ఆరో కెమెరాలో మాత్రం, ఎర్రటి మసక వెనక, చారల ఒళ్లు కనిపించింది. తల ఉండాల్సిన చోట కుంకుమ. నాకు సందేహం లేదు. విచారణలో నిపుణుడికి ఉంది. అతను నా పాత విద్యార్థి హరినాథ్.

"చారలు కావచ్చు, వెదురు నీడలూ కావచ్చు. సందేహమున్నది రుజువు కాదని మీరే నేర్పారు సార్."

బాగా నేర్పినట్టున్నాను. ఆ వారమే అనుమతి వచ్చింది.

యంత్రాలు కొండ కిందికి వచ్చి ఆగిపోయాయి. మునిశేఖర్ ఫోన్‌లోని ఆ బొమ్మ అప్పటికే తిరుచానూరు దాకా తిరిగింది. నుదుట కుంకుమతో అమ్మవారి పులి కనబడిందట. డ్రైవర్లలో ఒక్కడూ కొండెక్కనంటున్నాడు. క్వారీ కాంట్రాక్టరు జయరావు నాకు ఫోన్ చేశాడు.

"మూఢనమ్మకాల మీద జీవితమంతా పోరాడినారు. కారు పంపిస్తా సార్. మైకు పెట్టిస్తా. అది పులీ కాదు, మహిమా కాదు, ఎవడో వేలితో పూసిన కుంకుమని ఒక్క మాట సెప్పండి."

నలభై ఏళ్లలో నా ఉపన్యాసానికి కారు పంపుతానన్న మొదటి మనిషి. చెప్పమన్న వాటిలో ఒక్కటి తప్ప అన్నీ నిజాలే.

"గొంతు బాగాలేదు," అన్నాను.

"పోనీ కాగితం మీద రాసియ్యండి సార్."

"చేతికి వాపు."