వానకి ఉబ్బిన గది

బస్సు పిన్ని తాళం తిప్పే ముందు వెనక్కి తిరిగి తలలు లెక్కపెడుతుంది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి మరి, ఎక్కడికి పోతుంది ఆ అలవాటు? రిటైరై ఏడాది దాటింది. ఇప్పుడు నడిపేది సొంత వ్యాన్, అందులో తిరిగేది తనొక్కతే. అయినా "ఒకటి" అని తనని తాను లెక్కేసుకుంటే గానీ బండి కదిలించదు.

వ్యాన్‌లో ఒక మంచం, ఒక స్టవ్వు, నాలుగు అరలు. చెక్కపనంతా వాళ్లాయనదే. వడ్రంగిగా ఆయన చేతికి వంక పెట్టడానికి లేదు, ఒక్క విషయంలో తప్ప. తలుపుకీ చట్రానికీ మధ్య గోరు మందం సందు వదలాలని ఎంతమంది నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినేవాడు కాదు. "సందు వదిలితే అది తలుపెలా అవుతుంది, కన్నం అవుతుంది గానీ" అనేవాడు. దాంతో వానాకాలం వచ్చిందంటే ఆయన బిగించిన తలుపులన్నీ ఉబ్బి కూర్చునేవి. వీధిలో సగం మంది కిటికీలు ఎక్కి దిగుతూ ఆయన్ని తిట్టుకునేవాళ్లు.

వ్యాన్‌దీ అదే తంతు. చెక్కకి ఉబ్బే చోటు లేదు కదా, అందుకని వాన పడితే వెనక్కి ఉబ్బేది. జల్లు పడితే ఒక అలమారా వచ్చేది. దంచి కొడితే ఏకంగా గదే వచ్చేది: పెద్ద కిటికీ, పొడుగాటి బల్ల, ఒక కుర్చీ. వాన ఆగగానే గది ముడుచుకుపోయేది. లోపల ఏమున్నా సరే, మనుషులతో సహా వ్యాన్‌లోకి నెట్టేసి మరీ ముడుచుకునేది.

పెళ్లైన కొత్తలో ఆయన, "నీకంటూ ఒక గది చేసిపెడతానే, అందులోకి నేను కూడా అడిగే వస్తాను" అన్నాడు. ఊరందరి తలుపులూ బిగించాడు గానీ ఆ గది మాత్రం చేయకుండానే కన్నుమూశాడు. పగలంతా బస్సులో యాభై మంది పిల్లల గోల, ఇంటికొస్తే సుత్తి మోత. ఆవిడకి నిశ్శబ్దానికి మొహం వాచిపోయింది. అందుకే వానని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతోంది. ఆ గదిలో కిటికీ దగ్గర కూర్చుని, ఏమీ చేయకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా ఉండటం ఆవిడకి ఎంత హాయో చెప్పలేం.

పదకొండు రోజులుగా చుక్క పడలేదు. పన్నెండో రోజు పొద్దున పదింటికి ఆకాశం నల్లబడింది. "అమ్మయ్య!" అనుకుని, రోడ్డు పక్కన పెట్రోలు బంకు కనబడితే లోపలికి తిప్పింది.

బంకాయన గొడుగేసుకుని వచ్చి చూశాడు. ఆవిడ వ్యాన్ సంగతి ఆ దారిలో అందరికీ తెలుసు. "పిన్నిగారూ, కాస్త ముందుకి పెట్టుకోండి. గది వస్తే గాలి కొట్టే మిషనుకి అడ్డం. అదిగో, ఆ మూల ఖాళీయే."

ఆవిడ మూలకి పెట్టింది. పది నిమిషాల్లో వెనక చెక్కలు కిర్రుమన్నాయి, తలుపు వచ్చింది, తలుపు వెనక గది వచ్చింది. పిన్ని టీ కప్పు పట్టుకుని కుర్చీలో కూలబడింది. కిటికీ బయట ఏముందా అని చూస్తే, బంకు రేకు కింద ఒకమ్మాయి తడిసిపోతూ నిలబడి ఉంది. పక్కన కుట్టు మిషను, నాలుగు ప్లాస్టిక్ సంచులు. సంచుల్ని చీర కొంగుతో కప్పి, తను మాత్రం వాన చినుకులకి ఎదురుగా నిలబడింది.

పిన్ని చూపు తిప్పుకుంది. రెండు గుటకలు టీ తాగింది. మళ్లీ చూసింది. "నా ఖర్మ" అని లేచి కిటికీ తెరిచింది.

"ఏమ్మా, ఆ సంచుల్లో ఏముందని అంత కాపలా?"

"తెల్లకోట్లండీ. ఆసుపత్రిలో కొత్త నర్సులకి" అంది ఆ అమ్మాయి. ఆ మాట అంటూనే ఏడ్చేసింది.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి దర్జీ. ఒక కొట్టు వరండాలో మిషను పెట్టుకుని బతుకుతోంది. కొట్టువాళ్లు వరండా మూసి గోడ కట్టుకుంటామని, ఇవాళే ఖాళీ చేయమన్నారు. ఇరవై రెండు తెల్లకోట్లు, అందులో తొమ్మిదింటికి కాలర్లు వేయాలి, అన్నిటికీ గుండీలు కుట్టాలి. సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి జీపు ఈ బంకుకే వస్తుంది. ఇవాళ ఇవ్వలేకపోతే ఇక మీదట ఫ్యాక్టరీకే ఇచ్చేస్తామంది పెద్ద నర్సు. ఆరింటికి అన్నయ్య టెంపో తీసుకొస్తాడు, మిషన్నీ తననీ ఇంటికి తీసుకుపోవడానికి.

"తీసుకుపోతే పోనీ, అన్నయ్యేగా?"

"మంచివాడేనండీ. కానీ అక్కడ నా మిషను మంచం కింద ఉంటుంది. నేను వంటింట్లో ఉంటాను. ఇదివరకు రెండేళ్లు ఉన్నాను."

పిన్ని గది వంక ఒకసారి చూసుకుంది. పదకొండు రోజులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన గది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. తర్వాత గట్టిగా, బస్సులో పిల్లల్ని కేకేసినట్టే అరిచింది: "చూస్తావేం? ఎక్కు! సంచులు ముందు, నువ్వు తర్వాత. కాళ్లు తుడుచుకో!"

బంకాయన మిషను ఒక పక్క పట్టాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచేసరికి అంత పొడుగు బల్లా చాల్లేదు. వాన ఇంకాస్త పెరిగింది, బల్లా ఇంకో మూర పెరిగింది. "థాంక్సండీ" అంది దర్జీ పిల్ల, బల్లకో పిన్నికో.

ఆ అమ్మాయి కాలర్ల మీద కూర్చుంది. పిన్ని కళ్లజోడు పెట్టుకుని గుండీల మీద కూర్చుంది. గంట తిరిగేసరికి ఆరు కోట్లు ముగించి, గర్వంగా ఎత్తి చూపించింది. దర్జీ పిల్ల ఒకటి అందుకుని ముందు పక్క తిప్పి చూసింది.

"పిన్నిగారూ... ఇవి ఆడవాళ్ల కోట్లు. గుండీలు ఎడమ పక్క కుట్టాలి. మీరు కాజాల మీదే కుట్టేశారు."

"అయ్యో నా మతిమండా! ఆయన చొక్కాలకి కుట్టీ కుట్టీ చెయ్యి అటే పోయింది."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వుతూనే ముప్ఫై ఆరు గుండీలు విప్పారు. మళ్లీ కుట్టారు. మధ్యాహ్నం బంకాయన రొట్టె తెచ్చి గుమ్మంలోనే నిలబడి ఇచ్చాడు, బూట్ల బురద అంటకుండా. ఆ అమ్మాయి మాటలు ఆపలేదు: చిన్నప్పటి స్కూలు, మొదట కుట్టిన గౌను, కత్తెర పోగొట్టుకున్న రోజు. పిన్నికి అదేమీ గోల అనిపించలేదు. అదే ఆవిడకి వింతగా ఉంది.

నాలుగింటికి చూరు చప్పుడు పలచబడింది. గదిలో చెక్కలు కిర్రుమన్నాయి. గోడ జానెడు లోపలికి జరిగింది.

దర్జీ పిల్ల మొహం పాలిపోయింది. "ఇంకా నాలుగున్నాయి పిన్నీ! గోడ నెట్టేస్తే అన్నీ నలిగి, స్టవ్వు మసిలో పడతాయి."

పిన్ని లేచి గోడకి అరచెయ్యి ఆనించింది. ఆయన పోయాక ఇప్పటిదాకా ఆయన్ని ఏమీ అడగలేదు. కోపం అలాంటిది. ఇప్పుడు అడిగింది.

"ఏమండీ. ఈ ఒక్కసారి ఆగండి. నాకోసం కాదు, ఈ పిల్ల కోసం. ఇన్నాళ్లూ వాన పడ్డప్పుడల్లా మీరిచ్చిన గదిలో కూర్చున్నాను, ఒక్కసారీ నోరు తెరిచి మంచి మాట అనలేదు. చాలా బాగుందండీ గది. చాలా బాగుంది."

వాన పూర్తిగా ఆగిపోయింది. ఎండ కూడా వచ్చింది. గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు.

ఐదింటికి జీపు వచ్చింది. పెద్ద నర్సు ఒక్కో కోటూ విదిలించి, వెలుతురులో పట్టి చూసింది. తెల్లదనం మీద ఒక్క మచ్చ లేదు. "వచ్చే వారం వార్డు బాయ్‌ల చొక్కాలు పంపిస్తాను. షాపెక్కడ, ఇక్కడేనా?" అని అడిగింది. దర్జీ పిల్ల పిన్ని వైపు చూసింది.

"ఇక్కడే" అంది పిన్ని, ముందు పని చేజారకూడదని.

జీపు వెళ్లాక, చీకటి పడకముందే కొండ దాటాలని పిన్ని వ్యాన్ ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ కనబడలేదు, పిల్ల దిగిపోయిందనుకుని, "ఒకటి" అని లెక్కేసుకుని బండి స్టార్ట్ చేసింది. కానీ దర్జీ పిల్ల సంచులు మడిచి, మిషను దింపుదామని ఇంకా గదిలోనే ఉంది. పది అడుగులు ముందుకి వెళ్లేసరికి బంకాయన చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"పిన్నిగారూ, మీ గది ఉండిపోయింది!"

ఆవిడ దిగి చూసింది. వ్యాన్ వెనక ఎప్పటిలాగే చదునుగా ఉంది. గది బంకు మూలలో, నేల మీద, నాలుగు గోడలతో నిలబడి ఉంది. గుమ్మంలో టేపు మెళ్లో వేసుకుని ఆ అమ్మాయి బిక్కమొహంతో చూస్తోంది. అబద్ధం ఎందుకు, ఒక్క నిమిషం ఆవిడకి ఆ గది కావాలనిపించింది. ఆ తర్వాత చెక్కల అంచులు తడిమి చూసి, "మీరు భలేవారండీ" అంది ఆయనతో. కళ్లు తుడుచుకుని బంకాయన వైపు తిరిగింది.

"ఉండనీ. మీకేమన్నా అభ్యంతరమా?"

"నాకేంటి, తుక్కు పడేసే మూల. నా యూనిఫారం చంక కింద చిరిగి ఆర్నెల్లయింది, కాస్త చూడమనండి చాలు."

దర్జీ పిల్ల పరుగెత్తుకొచ్చి పిన్నిని కావలించుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. "చాల్చాల్లే, చొక్కా తడుపుతున్నావ్" అని పిన్ని ఆ అమ్మాయి వీపు నిమిరింది. తర్వాత బండెక్కి కూర్చుంది.

బండి రోడ్డెక్కుతుంటే ఎదురుగా టెంపో వచ్చి బంకులోకి తిరిగింది. పిన్ని బ్రేకు తొక్కి, కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. ఒకాయన దిగి, గబగబా ఆ మూలకి నడిచాడు.

"మిషనేదే? ఎక్కించేద్దాం, మీ వదిన కూర కోసి పెట్టింది, నువ్వొచ్చి పొయ్యి మీద పెట్టాలిట."

అప్పటికి ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"లోపల ఉంది అన్నయ్యా. రా, కూర్చో" అంది. "చెప్పులు బయట విప్పు. తెల్లగుడ్డ పరిచి ఉంది."

ఆయన గది వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. వంగి చెప్పులు విప్పాడు.