నిలబెట్టిన బండ

"ఓడ దొరికింది బిడ్డా! రేపు పొద్దుగాల బండికి నీ మొగడు వస్తుండు!"

వికారాబాదులో అమ్మగారింటి అరుగు మీద కూర్చుని సీతాఫలాలను ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్న మార్తకు ఆ రెండు మాటల్లో రెండోదే వినబడింది. రేపు పొద్దున! ఒళ్లో పండ్లున్న సంగతే మరిచి లేచి నిలబడింది. అవి కాస్తా మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయి, వాకిట్లో నిలబడి ఆ కబురు కేకేసిన ఎంకయ్య కాళ్ల దగ్గర ఆగాయి.

"జర మెల్లగ బిడ్డా. వచ్చేది రేపు. గిప్పుడే ఉరుకుతె ఎట్ల?" అని ఎంకయ్య నవ్వుతూ పండ్లు ఏరి కండువాలో వేసుకున్నాడు.

మార్త ఏమీ సిగ్గుపడలేదు. పెళ్లిపందిరి ఆకులు ఎండకముందే మొగుడు బొంబాయి బండెక్కి పోతే ఏ పిల్లయినా ఉరకదా మరి? హైదరాబాదులో బి.ఏ. చదివిన పిల్లను బండల పనివాడికి ఇస్తారా అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ధారూరు జాతరలో పాట పాడుతున్న సుధాకర్ గొంతు విన్ననాడే మార్త ఆ సంగతి తేల్చేసుకుంది. అతను మరిచిపోయిన దువ్వెనకు ఇంకా అంటుకుని ఉన్న కొబ్బరినూనె వాసన చూసి మురిసిపోయే రకం ఆమె. ఇన్నాళ్లుగా ఆమె బెంగంతా ఒక్కటే: అతనికోసం దాచే పండు మెత్తబడి పాడయ్యేలోగా అతను వస్తాడా, మళ్లీ ఇంకో పండు దాచాలా అని.

సుధాకర్‌ది తాండూరు. గనుల్లో మంచమంత మంచమంత బండలకు మోకులు కట్టి పైకి లేపే ముఠాలో పని. ఆ ముఠాకు ఎంకయ్య మేస్త్రీ. రత్నగిరి దిక్కున సముద్రంలో తాండూరు బండలతో పోతున్న పడవ ఒకటి మునిగితే, బండను పగలకుండా లేపడం తెలిసిన మనుషులు కావాలని అక్కడి గుత్తేదారు వీళ్లను పిలిపించుకున్నాడు. ఇనప టోపీలు పెట్టుకుని నీళ్లలోకి దిగేవాళ్లు వేరు. పైన నావ మీద నిలబడి మోకులు లాగేవాళ్లు వీళ్లు.

"అయితే పడవ దొరికిందన్నమాట!" అంది మార్త.

ఎంకయ్య మొహంలో నవ్వు సన్నగిల్లింది. "పడవ గాదు బిడ్డా. పడవను దేవులాడుకుంట జర దూరం పోతే కింద ఓడ దొరికింది. లడాయిల మునిగిన ఓడ." అరుగు అంచున కూర్చున్నాడు. "దాని వంటగదిల ఒక బండ. రొట్టెలు కొట్టే బండ. పైకి లేపి బురద కడిగితే అంచుకు పిట్టకాలు గుర్తున్నది."

మార్త అతని పక్కకు వచ్చి కూర్చుంది.

తాండూరు గనుల్లో ఏ ఇంటివాళ్లు తీసిన బండకు ఆ ఇంటి గుర్తు అంచున చెక్కుతారు. మూడు గీతల పిట్టకాలు ఆమె అత్తింటిది. అత్త చంద్రవ్వ రోజూ రొట్టెలు కొట్టే బండకూ అదే గుర్తు. ఆ బండ ఒకప్పుడు రెండింతలుండేది. లడాయి కాలంలో, రెండో ప్రపంచ యుద్ధం నాడు, పనుల్లేక మామ యోబు ఓడలో వంటవాడిగా పోతూ దాన్ని నడిమికి కోసి, రెండో సగానికీ గుర్తు చెక్కాడు. సగం పెళ్లానికి ఇచ్చి, సగం తాను మోసుకుపోయాడు. అప్పటికి సుధాకర్ ఇంకా పాలు మరవలేదు. ఆ ఓడ తిరిగి రాలేదు. మునిగిందని చూసి చెప్పినవాడు లేడు, మనిషి పోయాడని కబురు తెచ్చినవాడూ లేడు.

"మామదేనా కాకా?"

"యోబన్నదే. సుధాకర్ దాన్ని పొట్టకు పట్టుకొని కూసున్నడు, ఎవ్వరినీ ముట్టనిస్తలేడు. నన్ను ముందుగాల తోలిండు, అవ్వకు జెప్పమని. తాండూరుల దిగుదామని డబ్బ తలుపుదాంక వచ్చిన బిడ్డా. వదినెకు ఏం మొఖంతోని జెప్పాలె? మళ్ల పోయి కూసున్న. నువ్వు సదువుకున్న పిల్లవు. నువ్వే జెప్పాలె."

"టికెట్టు తాండూరుదాంకనే గదా?"

"గా ముచ్చట అడగకు," అన్నాడు ఎంకయ్య.

సాయంత్రం బండికి ఇద్దరూ బయలుదేరారు. ఈసారి టికెట్లు మార్తే కొన్నది. కిటికీలోంచి కంది చేలు పోతున్నాయి. రేపు అతను వస్తాడన్న సంతోషం గొంతుదాకా వస్తోంది, దాని వెంటే అత్త మొహం కళ్లముందు కదులుతోంది. రెండూ ఒకే కబురులోంచి పుట్టాయి. ఒకదాన్ని ఉంచుకుని ఒకదాన్ని పారేయడం కుదరదు.

కాపురానికి వచ్చిన మొదటి రోజు గుర్తొచ్చింది. అందరి తిండి అయ్యాక, తాండూరులో ప్రతి ఇంట్లో చేసినట్టే తానూ రొట్టెల బండ కడిగి గోడకు నిలబెట్టింది. అది నిలబడిందంటే ఆ పూటకు ఇంట్లో అందరి కడుపులూ నిండినట్టు. పడుకుని ఉందంటే ఇంకా తినాల్సిన మనిషి ఉన్నట్టు. చంద్రవ్వ వచ్చి, బండను మళ్లీ నేల మీద పడుకోబెట్టింది. "మన ఇంట్ల నిలవెట్టం బిడ్డా," అంది అంతే. తర్వాత సుధాకర్ చెప్పాడు: "బాపు ఇంకా తినలే గదా."

కొన్నాళ్ల ఎడబాటుకే తాను ఇంత ఇదైపోయింది. ఆవిడ ఇన్నేళ్లు ఆ బండ ముందు ఎలా కూర్చుందో!

చంద్రవ్వ పొయ్యి ముందు ఉంది. పెనం మీద రొట్టె, చేతులకు జొన్నపిండి.

"ఏందే, అవ్వగారింటికాడ నెల ఉంటనంటివి, అప్పుడే వస్తివి! ఆడ సుత మనసు వట్టలేదా?" అని నవ్వి, గుమ్మం దగ్గర మనిషిని చూసింది. "ఏం ఎంకన్నా, దొంగ లెక్క తలుపు సాటుకు నిలవడ్డవ్? నా కొడుకేడి?"

"మంచిగున్నడు వదినె. రేపొస్తడు," అని ఎంకయ్య మార్త వైపు చూశాడు.

మార్త బండిలో మెత్తటి మాటలు ఎన్నో ఏర్చి పెట్టుకుంది. ఒక్కటీ రాలేదు. అత్త పక్కన కూలబడి పిండి చేయి పట్టుకుంది. "అత్తమ్మా, మామ ఓడ దొరికింది. సముద్రం అడుగున. మన బండ సగం అందులనే ఉన్నది."

చంద్రవ్వ ఏడవలేదు. పెనం మీది రొట్టెను చూస్తూ ఉండిపోయింది. అది మాడుతోంది. మార్తే తిప్పింది. చంద్రవ్వ తలెత్తింది.

"ఎంకన్నా, ఎట్లుండె?"

"ఏంది వదినె?"

"బండ. పండుకొని ఉండెనా, నిలవడి ఉండెనా?"

ఎంకయ్య తడుముకోలేదు. పడుకున్న బండకు మోకు ఒక తీరు కట్టాలి, నిలబడ్డ బండకు ఇంకో తీరు. కింద ఉన్నవాణ్ణి అతను మొట్టమొదట అడిగేది ఆ మాటే.

"నిలవడి ఉండె వదినె. గోడకు ఇనప పట్టీ కొట్టి, దాని ఎనుక దోపి ఉండె. దిగిన మనిషిని రెండుసార్లు అడిగిన. నిలువు కట్టు నేనే కట్టిపిచ్చిన."

"నాకోసం అంటున్నవా?"

"నా బిడ్డల మీద ఒట్టు."

చంద్రవ్వ పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "అయితే అందరికి పెట్టిండు," అంది నెమ్మదిగా. "తను తిన్నడు. కడిగి నిలవెట్టిండు." అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. "పోయిండని నాకు ఎరుకనే బిడ్డా. ఆకలితోని పోయిండేమో అని గదే, ఇన్నేండ్లు నా పరేషాన్."

మార్త ఆవిడ భుజానికి తల ఆనించింది. ఎంకయ్య కండువాతో మొహం తుడుచుకోబోయి, అందులో పండ్లున్నాయని గుర్తొచ్చి ఆగాడు. అది చూసి చంద్రవ్వ ఏడుపులోనే నవ్వింది.

"ఆ బండను సమాధుల తోటల పెడ్దామా వదినె? అన్న పేరు చెక్కి?" అన్నాడు అతను తర్వాత, తిండికి కూర్చుని రొట్టె తుంచుకుంటూ.

"నీ తెలివి సల్లగుండ! రొట్టెల బండ మీద పేర్లు చెక్కుతరా? రొట్టెలు కొడ్తరు. కూర ఏస్కో."

చంద్రవ్వ ఎప్పటిలాగే అందరి తర్వాత తింది, ఈసారి తీరిగ్గా. తిన్నాక బండ కడిగింది. కడిగి, రెండు చేతులా పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. మార్త అవతలి అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని గోడకు నిలబెట్టారు. అది ఇన్నేళ్లు పడుకున్న చోట నేల మీద పలక ఆకారంలో ఒక మచ్చ మిగిలింది. చంద్రవ్వ దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది.

తర్వాత కండువాలోంచి ఒక సీతాఫలం తీసి నొక్కి చూసింది. "వానికేనా?"

"ఊఁ," అంది మార్త. "రేపటిదాంక ఆగుతదా అత్తమ్మా?"

"ఎందుకాగదు? రేపటికే పండుతది." చంద్రవ్వ దాన్ని కోడలి చేతిలో పెట్టింది. "రేపు పొద్దుగాల టేషన్‌కు ముగ్గురం పోదాం. బండను ఎంకన్న మోస్తడు, నీ మొగన్ని నువ్వు తోల్కరా. ఇంటికి రాంగనే ఆ బండ మీద తొలి రొట్టె నువ్వు కొట్టాలె. నేను అందరికంటె ముందుగాల కూసొని తింట."