ఇరవై నిమిషాల ముచ్చట

వీరప్ప షట్టరును సగమే ఎత్తి, వంగి లోపలికి దూరాడు. పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు వచ్చేస్తారు. ఇవాళ ఎవరూ రాకూడదు, ఏడున్నర దాటేదాకా.

వేలూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ కంప్యూటర్ సెంటరుకి ఎలక్ట్రీషియనూ అతనే, అటెండరూ అతనే. ఫ్యూజు పోతే వెయ్యాలి, బ్యాటరీల్లో నీళ్ళు పొయ్యాలి, పదకొండు యంత్రాల దుమ్ము దులపాలి. యాభై ఏడేళ్ళ సన్నపాటి మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా గుడియాత్తంలో మగ్గం గుంటలో కూర్చుని లుంగీలు నేసిన ఒళ్ళు అది. రోజూ తెల్లవారే బస్సెక్కి వేలూరు వస్తాడు, పొద్దుగూకే బస్సుకి తిరిగి వెళ్తాడు. అతను రాని రోజున కూడా, కరెంటు పోతే తప్ప, ఎవరికీ గుర్తు రాడు.

చీపురు జోలికి పోకుండా నేరుగా మూలనున్న యంత్రం ముందు కూర్చున్నాడు. ఫోను తీగ దానికొక్కదానికే ఉంది. చొక్కా జేబులోంచి ఫ్లాపీ తీశాడు.

ఏడు పది. ఏడున్నరకల్లా ఆల్ఫ్‌ని పట్టుకోవాలి.

ఆల్ఫ్‌ని అతను ఎన్నడూ చూడలేదు. గొంతు కూడా వినలేదు. ఆస్ట్రేలియాకి కిందనున్న టాస్మేనియా దీవిలో రిటైరైన పోస్ట్‌మాన్. పదహారేళ్ళ కిందట వీరప్ప హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని, తానే కట్టుకున్న సెట్టు ముందు కూర్చుని అక్షరాలను చుక్కలూ గీతలుగా పంపే మోర్సు మీట కొడుతుంటే, సముద్రాల అవతలినుంచి ఆల్ఫ్ బదులు పలికాడు. అప్పటినుంచీ వారానికి రెండు మూడుసార్లు టక్కు టిక్కు కబుర్లే. ఒకసారి వీరప్ప మునుపెప్పుడో తాను నేసిన లుంగీ పంపితే, ఆల్ఫ్ దాన్ని భోజనాల బల్ల మీద పరిచాడు.

"ఆ తెల్లోడితో గంటగంట యేం మాట్లాడతావు మామా?" అనేది భార్య గోమతి.

"వాళ్ళూర్లో వాన పడిందంట."

"అది చెప్పేదానికి గంటా?"

పది రోజుల కిందట ఆల్ఫ్ కూతురు రూత్ ఉత్తరం రాసింది. నాన్నకి చెవులు పోయాయి, మోర్సు వినలేరు. గుండె కూడా చెడింది, ఇక రోజులే అన్నారు డాక్టర్లు. రేడియోవాళ్ళు ఇంటర్నెట్‌లో టైపు చేసుకుంటూ మాట్లాడుకునే గేట్‌వే ఒకటుంది, రోజూ మధ్యాహ్నం పన్నెండుకి దాని ముందు కూర్చుంటారు, వీరా వస్తాడా అని చూస్తుంటారు. అక్కడ పన్నెండంటే ఇక్కడ ఏడున్నర.

వీరప్ప ఆ గేట్‌వేకి కలిపే టెల్‌నెట్ సాఫ్ట్‌వేరును ఫ్లాపీలోంచి యంత్రంలోకి ఎక్కించాడు. రూత్ రాసిన చిరునామా, పోర్టు నంబరు గడుల్లో నింపాడు. తన పేరు, పాస్‌వర్డు ప్రతిసారీ అడగకుండా దానంతటదే పంపేలా పెట్టాడు. తాను కొట్టే అక్షరాలు తనకూ కనపడేలా ఇంకో గడిలో టిక్కు పెట్టాడు. మోడెం కీచుమంది. మూడోసారికి లైను దొరికింది.

తెర మీద పేర్ల జాబితా. అందులో ఆల్ఫ్.

"వీరా? నువ్వేనా?"

వీరప్ప వేళ్ళు పరుగెత్తాయి. నేనే ఆల్ఫ్. బాగున్నావా? రేడియో సెట్టు ముందు కూర్చున్నా నువ్వు లేక ఏమీ తోచడంలేదు...

"నీ పేరు కనిపిస్తోంది వీరా. మాట రావడం లేదు."

సిగ్నల్ మసకబారితే రేడియోవాడు ఏం చేస్తాడు? మెల్లగా, మళ్ళీ చెబుతాడు. వీరప్ప అదే చేశాడు. ఒక్కొక్క అక్షరమే ఒత్తుతూ మొదటినుంచీ చెప్పాడు.

"తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నా."

మూడోసారీ చెప్పాడు. పదహారేళ్ళలో మీట మీద చెప్పనిది కూడా చెప్పాడు: నువ్వు తప్ప నాకింకో స్నేహితుడు లేడు ఆల్ఫ్.

"రూత్ భోజనానికి పిలుస్తోంది. రేపు ఇదే వేళకి. 73." ఆ అంకె రేడియోవాళ్ళ నమస్కారం. లైను తెగింది.

సెంటర్లో పాఠాలు చెప్పే షాలిని షట్టరు కిందనుంచి దూరి వచ్చింది. గుడియాత్తం పిల్లే.

"యేంది పెదనాయనా, దొంగమాదిరి సగం తీసి కూర్చోనుండావు?" అని తెర చూసింది. "ఇంత రాసినావే, ఎంటర్ కొట్టలేదా?"

"ఎంటరా?"

"అది కొడితేనే గదా పోయేది! అంతా ఈడనే ఉండాది చూడు. నీతో నువ్వే మాట్లాడుకున్నావు పో!"

వీరప్ప తన చేతుల వంక చూసుకున్నాడు. యంత్రానికి జవాబు చెప్పేటప్పుడు ఎంటర్ కొట్టాలని అతనికి తెలుసు. కానీ ఆల్ఫ్‌తో మాట్లాడేటప్పుడు అది యంత్రమని చేతికి తోచలేదు. మోర్సు మీట మీద కొట్టిన అక్షరం కొట్టిన క్షణమే వెళ్ళిపోతుంది. పంపడమని వేరే పని లేదు.

"రేపు చెప్పొచ్చులే పెదనాయనా," అంది షాలిని, నవ్వు ఆపుకుని.

రేపటిదాకా ఆగలేకపోయాడు. రెండు ఫ్యూజులు వేశాడు, టిఫిన్ డబ్బా తెరవలేదు. ఒంటిగంటకి యజమాని దినకరన్ ముందు నిలబడ్డాడు.

"పది నిమిషాలు సార్. ఆయనకొక మాట చెప్పేసొస్తాను."

"సరి సరి. సీక్కిరం ముగించప్పా," అని తొందరపెట్టాడు దినకరన్.

జాబితాలో ఆల్ఫ్ పేరు ఉంది! "ఆల్ఫ్" అని కొట్టి, ఎంటర్ మీద వేలు గట్టిగా నొక్కాడు.

"నేను రూత్‌ని," అని వచ్చింది. "భోజనం చేసి నడుం వాల్చారు. మళ్ళీ లేవలేదు. స్నేహితులకి చెబుదామని కూర్చున్నాను."

వీరప్ప ఆ మాటల్ని మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

"భోజనం దగ్గర ఎంత సంతోషంగా ఉన్నారో. వీరా వచ్చాడు, ఇరవై నిమిషాలు నా దగ్గర కూర్చున్నాడు అన్నారు. ఏం మాట్లాడాడు అన్నాను. ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాడు అన్నారు. నిజమేనా?"

ఎంటర్ కొట్టడం మరిచిపోయానమ్మా, చాలా చెప్పాను, అని టైపు చేశాడు. వేలు ఎంటర్ దాకా వెళ్ళి ఆగింది. మీట మీద కొట్టింది చెరిపే వీలుండదు. ఇక్కడ ఉంది. ఒక్కొక్క అక్షరమే వెనక్కి తుడిచేశాడు.

"నిజమే. కూర్చున్నాను." ఎంటర్.

తర్వాత రూత్ రాసింది: "అందుకా! ఈ గదిలో ఎప్పుడూ ఒకటే కుర్చీ. ఇప్పుడొచ్చి చూస్తే నాన్న కుర్చీ పక్కన వంటింటి కుర్చీ ఇంకొకటి ఉంది. తెర కనపడేలా కాస్త తిప్పి, మీద దిండు కూడా వేశారు. తియ్యలేదు. అలాగే ఉంది."