ఈల పోయిన పోటీ

మా ఆడపడుచు మంజులత ఈల పోటీల్లో మూడు కప్పులు గెలిచింది. హైదరాబాదులో ఒకటి, చెన్నైలో రెండు. మూడూ మా ఇంట్లో టీవీ పక్కనే ఉంటాయి. వాటిని తుడిచేది నేనే, వచ్చినవాళ్ళందరికీ చూపించేదీ నేనే. మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయే పిల్ల పేరు పేపర్లో పడితే వదినకు మాత్రం ముచ్చటగా ఉండదా?

మాది చౌటుప్పల్ పక్కన ఊరు. మంజులత ఈడు వాళ్ళంతా బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. ఆ నీళ్ళలో ఉన్న ఫ్లోరైడు వాళ్ళ పళ్ళను తినేసింది. మంజులత పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి, ముందరి రెండూ అంచులు విరిగి వాటి మధ్య సందు ఏర్పడింది. నల్లా నీళ్ళు వచ్చాక పుట్టిన నా కూతురు వర్షితకు ఆ పీడ లేదు. కొత్తకోట నుంచి కోడలిగా వచ్చినదాన్ని, నాకూ లేదు.

ఆ సందులోంచే ఆమె ఈల వచ్చేది. పెదాలు దగ్గరికి చేర్చి ఊదితే పల్లవి, చరణం, మధ్యలో వచ్చే వేణువు ముక్కతో సహా పాటంతా పలికేది. "ఆడపిల్ల ఈలేసుడేంది, ఇంటికి మంచిది కాదు" అని మా అత్తమ్మ నర్సింగమ్మ మొదట్లో నెత్తి కొట్టుకునేది. మొదటి కప్పు రాగానే దాన్ని చంకలో పెట్టుకుని వాడకట్టంతా తిరిగింది కూడా ఆమెనే.

నాలుగో పోటీ బెంగళూరులో. అన్నిటికంటే పెద్దది. ఇంకొన్నాళ్ళలో ప్రయాణం అనగా, మంజులత నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి, ముందరి పళ్ళకు తెల్లటి తొడుగులు వేయించుకుని వచ్చింది.

"ఏదీ, ఈలెయ్యి" అన్నాను.

వేసింది. కట్టెల పొయ్యి ఊదినట్టు గాలి వచ్చింది తప్ప పాట రాలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇవి ఉత్తగ చూసుకోనీకి పెట్టినయంట వదినా. వద్దంటే డాక్టరమ్మ తీసేస్తదంట. నచ్చితే పక్కావి పెడ్తదంట."

"అయితే రేపే తీయించుకో. కప్పు తెచ్చినంక నీ ఇష్టం."

"తియ్య."

"పిచ్చి లేసిందానె నీకు? ఊర్ల ఎంతమందికి లేవు గసొంటి పండ్లు? పండ్ల కోసం ఇంత విద్య పోగొట్టుకుంటవా?"

"నీ పండ్లు తెల్లగున్నయి, నువ్వు గట్లనే అంటవు" అంది. గొంతు పెంచలేదు. "నేను ఈల నేర్చుకున్నదే పండ్లు దాసుకోనీకి. బడిల అందరు పాట పాడుతుంటె నోరు తెరవలేక ఊదిన. గది విద్య ఎట్లయితది?"

అయినా నా కోపం తగ్గలేదు. రెండు రోజులు ఆ కప్పులు తుడవలేదు. పేరు ఇచ్చాం కాబట్టి పోయొద్దామని తనే అంటే, మనసు మారిందేమోనన్న ఆశతో బెంగళూరు బస్సెక్కాను. వేదిక వెనక కూడా చేతులు పట్టుకుని బతిమాలాను, ఇప్పటికైనా ఆ తొడుగులు పీకెయ్యమని. తల అడ్డంగా ఊపి వేదిక ఎక్కింది.

పల్లవి ఎట్లాగో నెట్టుకొచ్చింది. చరణంలో పైస్థాయికి పోయేసరికి ఈల తెగిపోయి బుస్సున గాలి వచ్చింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆమె మాత్రం పాటను సగంలో వదలకుండా చివరిదాకా ఊది, దండం పెట్టి దిగింది. మొదటి రౌండులోనే తీసేశారు.

నా దగ్గరికి వచ్చి, "బుస్సుమన్నది వదినా, విన్నవా?" అని మొదలుపెట్టి పకపకా నవ్వింది. చిన్న నవ్వు కాదు. కుర్చీ పట్టుకుని, వంగి, మళ్ళీ లేచి నవ్వింది. అందరూ తిరిగి చూశారు.

"సిగ్గులేదానె? ఓడిపోయి నవ్వుతవేంది?" అన్నాను ఏడుస్తూనే.

"గెలిచిననాడు గూడ నవ్వలేదు వదినా. ఇన్నేండ్లకు నవ్వొస్తాంది, గిప్పుడు గూడ ఆపుకోమంటవా?"

పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె నవ్వు చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి.