లాగితే పోయిందనుకున్నాడు

స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో ఏళ్ల తరబడి తన పక్కనే పనిచేసిన గోపాలానికి పదవీ విరమణ సన్మానమంటే, ఫొటోల బాధ్యత గణపతిరావు నెత్తిన వేసుకున్నాడు. రమ్మన్నవాళ్లెవరూ లేరు. నలుగురు చేరిన చోట తను లేకపోతే అతనికి తిన్నది అరగదు.

గోపాలానికి నత్తి. దాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించి నవ్వించడం గణపతిరావు విద్య. పోయిన హోళీకి మరోదా బస్తీలో ఆ వేషాన్ని మిత్రులు వీడియో తీశారు. అదీ ఈ ఫొటోల పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. చెరిపేయడానికి మనసొప్పక, సన్మానం రోజు పొద్దున దాన్ని మౌస్‌తో పట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి లాగేశాడు. ఆఫీసు కంప్యూటర్లో ఒక ఫోల్డర్‌లోంచి ఇంకోదాంట్లోకి లాగితే ఫైలు పాతచోట ఉండేది కాదు. ఇదీ అంతేననుకుని, మళ్లీ చూడకుండా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం సెక్టర్ 2 హాల్లో తెరమీద ఫొటోలు వరసగా వస్తున్నాయి. గోపాలం కొత్త చొక్కా వేసుకుని, మడత కాగితం పట్టుకుని ముందు కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో మాట్లాడబోవడం ఇదే మొదలు. రోజూ అద్దం ముందు చదువుకుంటున్నాడని భార్య కనకరత్నం అందరికీ చెప్పి మురిసిపోయింది.

ఫొటోల తర్వాత వీడియో వచ్చింది.

"న... న... నమస్కారమండీ!" తెరమీద గణపతిరావు మూతి వంకర్లు తిప్పుతున్నాడు. హాలు గొల్లుమంది. గోపాలం గుర్తొచ్చి అందరూ గబుక్కున నోళ్లు మూసుకున్నారు.

గణపతిరావు పరుగున వెళ్లి వైరు పీకేశాడు. కూతురు అరుణకుమారి పక్కకొచ్చి, "ఏటి నాన్నా ఇది? పెన్‌డ్రైవ్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి లాగితే కాపీయే అవుతాది, అసలుది అక్కడే ఉంటాది. ఒక్కసారి దేఖ్ తో లేతే, చూసుకోవాల్సింది!" అంది.

తప్పు లాగడంలో లేదని అతనికి తెలుసు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గోపాలాన్ని మాట్లాడమని మైకు ఇచ్చారు. లేచాడు. కాగితం విప్పి, మళ్లీ మడిచాడు. నడుచుకుంటూ వచ్చి మైకు గణపతిరావు చేతిలో పెట్టాడు.

"ను... నువ్వే చెప్పీరా గణపతీ. నా మాట నాకంటే నీకే బాగొస్తాది."

అది దెప్పడం కాదు. గోపాలానికి దెప్పడం రాదు. అందుకే అది సూటిగా వెళ్లి గుండెలో దిగింది. గణపతిరావు మైకు బల్లమీద పెట్టేశాడు. కనకరత్నం అతని వంక చూడనైనా లేదు. భర్త జేబులోకి వెళ్లిపోతున్న ఆ కాగితం కేసే చూస్తోంది.