తలకి ఎన్ని సోలలు

సోలతో బియ్యం కొలిచి, కొలిచిన దాంట్లో రెండు సోలలు మళ్లీ నిలవ కుండలో పోసేసింది కాంతం. నాలుగు నెలలుగా రోజూ చేస్తున్న పనే. ఎందుకు చేస్తోందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

జర్మనీ యుద్ధం చివరి ఏడు. వానలు లేవు. సోంపేట సంతలో రూపాయికి మూడు కుంచాలొచ్చే బియ్యం రెండు కుంచాలకి దిగింది. ఊళ్లో కరువుందో లేదో తేల్చమని తాలూకా కచేరీ నుంచి ఆమె మొగుడు, బడిపంతులు సోమేశ్వరరావుకి నలభై ఇళ్ల కాగితాలొచ్చాయి. ఒక్కో కాగితంలో మూడు ప్రశ్నలు: ధర పెరగకముందు రోజుకి ఎంత వండేవారు, ఇప్పుడెంత, తినేవారెందరు. అతనికి లెక్కలంటే విసుగు. అందుకని భార్యకి నేర్పాడు. రూపాయికి కుంచాలు తగ్గితే ధర పెరిగినట్టు. వండిన దాన్ని తలలతో భాగించాలి. తలకి సోలన్నర దాటితే కరువు లేనట్టు.

"కోడలికి లెక్కలొచ్చీసినాయి. రేపట్నుంచి మెతుకులు లెక్కెట్టి వడ్డిత్తాది," అంది అత్త సన్యాసమ్మ.

ఏ ఇంట్లోనూ సోలన్నరకి తగ్గలేదు. కాంతం మాత్రం భాగించకముందు అంకెల దగ్గరే ఆగిపోయింది. ఒక కోడలున్న ఇంట్లో రెండు సోలలు తగ్గాయి. ఇద్దరున్న ఇంట్లో నాలుగు. మగవాళ్లు ఎందరున్నా, పిల్లలెందరున్నా ఆ తేడా మారలేదు.

మీ ఇంట్లో తగ్గింది ఎవరి వాటా అని, పెరటి గుమ్మంలోకి చేపలు తెచ్చిన పోలమ్మని అడిగింది. పోలమ్మ నవ్వింది.

"మా మావకి తగ్గిత్తే వల లాగలేడు. పిల్లలకి తగ్గిత్తే ఏడుత్తారు. నాకు తగ్గిత్తే ఏటవుద్ది, పంతులమ్మా?"

ఇన్నాళ్లూ తనకి ఆకలి మందగించిందనుకుంది కాంతం. గాజులు మోచేతి దాకా జారుతుంటే, వదులు గాజులు కొన్నావని అత్త తిట్టింది. ఒక్కదానికే అయితే ఒంటి తీరని సరిపెట్టుకోవచ్చు. ఇన్ని ఇళ్లలో, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇంతమంది ఆడవాళ్లు అవే రెండు సోలలు వెనక్కి పోశారు. ఎవరూ పొయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు.

మొగుడికి చెప్పింది. అతను తలెత్తలేదు.

"సగటెయ్యి. కచేరీలో దొరకి తలలు కావాల. ఏ తల గంజి తాగిందో ఆయనకెందుకు?"

సగటు వేసింది. ముప్పైతొమ్మిది కాగితాలు శుభ్రంగా ఎత్తి రాసింది. నలభయ్యోది తమ ఇల్లు. మునుపు వండినది ఏడు సోలలు. ఇప్పుడు అయిదు. అతనికి మూడు, అత్తకి రెండు. తినేవారెందరన్న చోట చాలాసేపు కలం ఆపి, ఇద్దరు అని రాసింది.

అతను కాగితం అందుకున్నాడు. కింది అంకె చూశాడు.

"తలకి రెండున్నర. మనింట్లో బాగానే తింతన్నాం," అని సంతకం పెట్టాడు.